నికెల్ ఆక్సైడ్ స్పెక్ట్రం డీఎఫ్‌టీతో ఎందుకు కలవదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నికెల్ ఆక్సైడ్ పొడిని పెల్లెట్ కొట్టి, అల్యూమినియం ఎక్స్-రే సోర్సుతో ఎక్స్‌పీఎస్ (ఎక్స్-రే తగిలించి, బయటికొచ్చే ఎలక్ట్రాన్ల శక్తి కొలిచే పద్ధతి) చేశారు. పీకులన్నీ మూడు, నాలుగు ఎలక్ట్రాన్ వోల్టులు (ఇకపై ఈవీ) పక్కకి జరిగి వచ్చాయి. వేలెన్స్ బ్యాండు (ఎలక్ట్రాన్లతో నిండిన పైస్థాయిలు) డీఎఫ్‌టీ అనే కంప్యూటర్ లెక్కలో వచ్చిన డెన్సిటీ ఆఫ్ స్టేట్స్‌తో (ఏ శక్తి దగ్గర ఎన్ని స్థాయిలున్నాయో చెప్పే పటం) కలవలేదు. పైగా 9 ఈవీ దగ్గర లెక్కలో లేని మూపురం ఒకటి కనబడింది. ఎవరో చెప్పారని ఆర్గాన్‌తో స్పట్టర్ చేస్తే (అయాన్లతో గుద్ది పైపొర చెక్కితే) నికెల్ 2పీలో (లోపలి స్థాయి ఎలక్ట్రాన్ల పీకుల్లో) కొత్త పీకు మొలిచింది. 855.5 ఈవీ దగ్గర ప్రధాన పీకుని ఆనుకుని ఉన్న భుజాన్ని నికెల్ మూడు ప్లస్ (మూడు ఎలక్ట్రాన్లు పోయిన నికెల్) అని రాసెయ్యమని గైడు అంటున్నారు. ఆర్పీస్ (ఎలక్ట్రాన్లు ఏ కోణంలో వస్తున్నాయో కూడా కొలిచే పద్ధతి) చేస్తే అన్నీ తేలిపోతాయా అన్నది చివరి ప్రశ్న.

ముందు అసలు సంగతి చెప్తాను. మీ లెక్కా మీ కొలతా రెండూ తప్పు కాకపోవచ్చు. లెక్క చెప్పేది ఎలక్ట్రాన్లన్నీ ఎక్కడివక్కడ ఉన్నప్పటి పరిస్థితి. స్పెక్ట్రం చెప్పేది ఒక ఎలక్ట్రాన్ వెళ్ళిపోయాక మిగిలినవాటి పరిస్థితి. రాగిలో, బంగారంలో ఈ రెండింటికీ తేడా తక్కువ కాబట్టి బండి నడిచిపోతుంది. నికెల్ ఆక్సైడ్‌లో నడవదు.

ఇంటర్ తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి కాంతి విద్యుత్ ఫలితం, పని ప్రమేయం గుర్తుండే ఉంటాయి. 1887లో హెర్ట్జ్ కంటబడింది, 1905లో ఐన్‌స్టీన్ వివరించింది అదే. ఉప్సలాలో కై సీగ్‌బాన్ దాన్ని కొలతబద్దగా మార్చి 1981లో నోబెల్ అందుకున్నాడు. చేదబావిని ఊహించుకోండి. తాడు మొత్తం పొడుగు మీకు తెలుసు, అది ఫోటాన్ శక్తి. గట్టు మీద మిగిలిన తాడు కొలిస్తే నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో తెలిసిపోతుంది. ఆ మిగిలినదే ఎలక్ట్రాన్ గతిజ శక్తి, గట్టు ఎత్తు పని ప్రమేయం. మీ సోర్సుకి తాడు 1486.6 ఈవీ, హీలియం దీపానికి 21.2 ఈవీ. ఇంతవరకు పోలిక బాగానే ఉంది. కానీ ఒక్క చేద తోడగానే లోపల నీటిమట్టమే కదిలిపోయే బావి అయితే? అప్పుడు మీరు కొలిచింది పాత మట్టమా, కొత్త మట్టమా? నికెల్ ఆక్సైడ్ అలాంటి బావి. దాని సంగతికి వచ్చేముందు మీ డేటాలో చెత్త తీసెయ్యాలి.

మొదట ఆ మూడు, నాలుగు ఈవీ జరుగుడు. అది ఛార్జింగ్, ఇంకేం కాదు. శుద్ధమైన నికెల్ ఆక్సైడ్ ఇన్సులేటర్. ఎలక్ట్రాన్లు వెళ్ళిపోతుంటే కింద నుంచి భర్తీ కావు, ఉపరితలం ప్లస్‌లోకి వెళ్తుంది, బయటికొచ్చే ఎలక్ట్రాన్‌ని వెనక్కి లాగుతుంది. గతిజ శక్తి తగ్గుతుంది, బైండింగ్ ఎనర్జీ (మన పోలికలో నీళ్ళ లోతు) ఎక్కువైనట్టు కనబడుతుంది. ఫ్లడ్ గన్ (ఉపరితలం మీదికి నెమ్మది ఎలక్ట్రాన్లు చల్లే పరికరం) వేసి, కార్బన్ 1ఎస్‌ని 284.8కి తెచ్చి పెట్టి, హమ్మయ్య అనుకోవడం అందరూ చేసేదే. నేనూ ఏళ్ళపాటు చేశాను. కానీ ఆ కార్బన్ గాలిలోంచి వచ్చి అంటుకున్న మురికి. అది ఏ రూపంలో ఉందో, కింది పదార్థంతో దాని సంబంధం ఏమిటో మీకూ తెలియదు, నాకూ తెలియదు. దానికన్నా నమ్మదగ్గది రెండు పీకుల మధ్య దూరం. నికెల్ ఆక్సైడ్‌లో జాలకంలోని ఆక్సిజన్ 1ఎస్‌కీ, నికెల్ 2పీ 3/2 ప్రధాన పీకుకీ మధ్య దాదాపు 324 ఈవీ ఉండాలి. ఛార్జింగ్ అన్ని పీకుల్నీ ఒకేలా జరిపితే ఈ దూరం మారదు. మారిందంటే, లేదా పీకులు ఒకవైపు సాగిపోయి ఉంటే, పెల్లెట్‌లో ఒక్కో చోట ఒక్కోలా ఛార్జ్ అవుతోందని అర్థం. అలాంటి స్పెక్ట్రంని ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ సరిచెయ్యలేరు. పెల్లెట్ మానేసి ఇండియం రేకులోకి పొడిని పల్చగా అదిమి చూడండి. లేదా సాంపిల్‌ని కొంచెం వేడి చెయ్యండి, దీని వాహకత వేడితో పెరుగుతుంది.

ఛార్జింగ్ ఇన్సులేటర్లకే పరిమితం అనుకోకండి. ఒకసారి సింక్రోట్రాన్ (ఎక్స్-రేల లాంటి కాంతి పుట్టించే పెద్ద యంత్రం) దగ్గర, రాత్రి రెండింటికి, చక్కని లోహం లాంటి సాంపిల్‌లో ఫెర్మి ఎడ్జ్ (నిండిన స్థాయిలు ఆగిపోయే అంచు) 15 మిల్లీ ఈవీ కిందికి జారి కనబడింది. 20 కెల్విన్‌కి చల్లబరిచాకే జారింది. పక్కన ఉన్న కుర్రాడు అప్పటికే గ్యాప్ (ఎలక్ట్రాన్ స్థాయిలే లేని ఖాళీ) అనేసి నోట్‌బుక్‌లో గీత కొట్టేశాడు. నాకూ కాసేపు ఆశ పుట్టిన మాట నిజమే. ఫోటాన్ ఫ్లక్స్‌ని సగానికి తగ్గించి మళ్ళీ కొలిచాం. జారుడు కూడా సగమైంది. నిజమైన గ్యాప్‌కి మన దగ్గర ఎన్ని ఫోటాన్లున్నాయో ఏం పట్టింది? తెల్లారాక సాంపిల్‌ని బయటికి తీస్తే, కింద అంటించిన సిల్వర్ పేస్టు చలికి సన్నగా వెంట్రుకలా పగిలి ఉంది. అప్పట్నుంచీ ప్రతి సాంపిల్ పక్కనా ఒక బంగారం ముక్క, అదే హోల్డర్‌కి విద్యుత్తు కలిసేలా, ఉండాల్సిందే. దాని ఫెర్మి ఎడ్జ్ వెడల్పు కూడా చూడండి. పది శాతం నుంచి తొంభై శాతానికి ఎగబాకే దూరం, ఉష్ణోగ్రత వల్ల మాత్రమే, గది వేడిలో దాదాపు 113 మిల్లీ ఈవీ. 20 కెల్విన్ దగ్గర 8 కూడా ఉండదు. అంతకు మించినదంతా మీ యంత్రం, మీ సోర్సు కలిసి పెట్టిన ఖర్చు.

ఇక స్పట్టరింగ్. దయచేసి ఆపండి. ఆర్గాన్ అయాన్లు గుద్దినప్పుడు తేలికైన ఆక్సిజన్ ముందు లేచిపోతుంది, నికెల్ మిగులుతుంది. మీ కొత్త పీకు 852.6 దగ్గర ఉంటే అది లోహ నికెల్, మీ చేత్తో మీరు తయారుచేసిందే. దానికి వేలెన్స్ బ్యాండులో ఫెర్మి ఎడ్జ్ వస్తుంది, 6 ఈవీ దగ్గర దాని సొంత శాటిలైట్ (ప్రధాన పీకుకి తోడుగా వచ్చే పక్క పీకు) కూడా వస్తుంది. ఇప్పటికే చిక్కుగా ఉన్న స్పెక్ట్రంలో ఇంకో పదార్థాన్ని కలుపుకున్నట్టు. పొడిని శుభ్రం చెయ్యాలంటే ప్రిపరేషన్ ఛాంబర్‌లో ఆక్సిజన్ వదిలి వేడి చెయ్యండి. ఏకస్ఫటికం దొరికితే ఇంకా నయం. ఉప్పు లాంటి నిర్మాణమే కాబట్టి 100 తలం మీద శూన్యంలోనే చీల్చవచ్చు.

శూన్యం గురించి ఒక్క మాట. పీడనం 10 టు ది పవర్ మైనస్ 6 టార్ ఉంటే, తగిలిన ప్రతి అణువూ అంటుకుంటుందనుకుంటే, ఉపరితలం మీద ఒక పొర పేరుకోడానికి పట్టేది సుమారు ఒక సెకను. మైనస్ 10కి వెళ్తే పదివేల సెకన్లు, అంటే రెండు గంటల ముప్పావు. మీకున్న సమయం అంతే. ఎందుకింత చాదస్తం అంటే, 20 నుంచి 100 ఈవీ గతిజ శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు శక్తి పోగొట్టుకోకుండా రాగలిగేది 5 నుంచి 10 ఆంగ్‌స్ట్రాముల లోతు నుంచే. నికెల్ ఆక్సైడ్ యూనిట్ సెల్ భుజం 4.18 ఆంగ్‌స్ట్రాములు. రెండు సెల్‌ల లోతు చూసి మొత్తం పదార్థం గురించి తీర్పు చెప్తున్నాం. ఎక్స్-రే సోర్సుతో ఇది పదిహేను, ఇరవై దాకా పెరుగుతుంది. అందుకే గాలిలో ఉంచిన పొడి మీద హీలియం దీపంతో కొలవడం నాకు ఇష్టం ఉండదు. మురికి స్పెక్ట్రం చాలా అందంగా వస్తుంది.

ఇప్పుడు మీ గైడుతో తగువు పెట్టించే భాగం. 1964లో సీగ్‌బాన్ బృందం సోడియం థయోసల్ఫేట్‌లో రెండు రకాల గంధకం పరమాణువులకి రెండు వేర్వేరు పీకులు చూపించింది. పీకు పక్కకి జరిగిందంటే ఆక్సిడేషన్ స్థితి మారిందనే అలవాటు రసాయన శాస్త్రవేత్తలకి అక్కణ్ణుంచి వచ్చింది. చాలా చోట్ల అది నిజం కూడా. నికెల్ ఆక్సైడ్‌లో మాత్రం 854 దగ్గర ప్రధాన పీకు, 855.5 దగ్గర భుజం, 861 దగ్గర వెడల్పైన శాటిలైట్ మూడూ నికెల్ రెండు ప్లస్ ఒక్కదాని నుంచే వస్తాయి. 2పీలో రంధ్రం పడగానే చుట్టూ ఉన్న ఆక్సిజన్ల నుంచి ఒక ఎలక్ట్రాన్ దాన్ని కప్పడానికి నికెల్ మీదికి దూకుతుంది. అప్పుడు ఆక్సిజన్ల మీద ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ అదే గుంపులో ఉండిపోతే ఒక శక్తి, పక్క నికెల్ చుట్టూ ఉన్న గుంపులోకి జారిపోతే ఇంకో శక్తి. ప్రధాన పీకు రెండుగా కనబడడానికి కారణం ఇదేనని 1993లో వాన్ వీనెండాల్, సవాట్స్కీ లెక్కగట్టి చూపించారు. అయినా ఆ భుజానికి నికెల్ మూడు ప్లస్ అని పేరుపెట్టే పేపర్లు ఇప్పటికీ వారం వారం వస్తూనే ఉన్నాయి. బ్యాటరీలు, కెటలిస్టుల వైపు మరీను.

గైడు మాట పూర్తిగా కొట్టెయ్యను. నికెల్ హైడ్రాక్సైడ్ పీకు కూడా ఇంచుమించు అక్కడే పడుతుంది, గాలి తగిలిన పొడి మీద అది నిజంగానే ఉండొచ్చు. తేల్చుకోడానికి సాంపిల్‌ని వాలుగా తిప్పి, ఉపరితలం ఎక్కువగా కనబడే కోణంలో మళ్ళీ కొలవండి. భుజంతో పాటు ఆక్సిజన్ 1ఎస్‌లో 531 దగ్గర ఉన్నది కూడా పెరిగితే హైడ్రాక్సైడ్. చీల్చిన తాజా స్ఫటికంలో కూడా భుజం అలాగే ఉంటే అది పదార్థం సొంత గుణం.

వేలెన్స్ బ్యాండుకి వద్దాం, అసలు రుచి ఇక్కడుంది. నికెల్ రెండు ప్లస్‌లో 3డీలో ఎనిమిది ఎలక్ట్రాన్లు. అందులోంచి ఒకటి తీస్తే ఏడు మిగలాలి. ఒకే పరమాణువు మీద ఇరుక్కున్న డీ ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి గట్టిగా తోసుకుంటాయి కాబట్టి ఈ లెక్క మారడం ఖరీదైన వ్యవహారం. దానికి ఇంకో దారి ఉంది. ఆక్సిజన్ ఒక ఎలక్ట్రాన్‌ని ఇచ్చేస్తే నికెల్ మళ్ళీ ఎనిమిదికి వస్తుంది, ఖాళీ ఆక్సిజన్ మీదికి పోతుంది. ఈ రెండో స్థితే చవక. అందుకని బ్యాండు పైభాగాన, దాదాపు 2 ఈవీ దగ్గర మీకు కనబడే పెద్ద పీకు ఇదే. ఖరీదైన ఏడు ఎలక్ట్రాన్ల స్థితి కింద 9 ఈవీ దగ్గర మూపురంలా మిగిలింది. ఈ వివరణ 1984లో ఫుజిమోరి, మినామి ఇచ్చారు. అంతకుముందు చాలామంది పెద్ద పీకుని ఏడు ఎలక్ట్రాన్ల స్థితి అనుకునేవాళ్ళు. పేర్లు తారుమారయ్యేసరికి పదార్థం స్వభావమే మారిపోయింది. 1985లో జానెన్, సవాట్స్కీ, ఆలెన్ దీన్నే విస్తరించి, ఇలాంటి ఆక్సైడ్లని ఛార్జ్ ట్రాన్స్‌ఫర్ ఇన్సులేటర్లు అన్నారు.

మీ డీఎఫ్‌టీలో ఈ మూపురం ఎందుకు లేదో ఇప్పుడు తెలిసిపోయి ఉంటుంది. అది ఏ ఎలక్ట్రాన్ కూర్చున్న మెట్టూ కాదు. ఎలక్ట్రాన్ పోయాక వ్యవస్థ పడగల స్థితుల్లో ఒకటి. ఒక్కో ఎలక్ట్రాన్‌కి ఒక్కో మెట్టు వేసే లెక్కలో దానికి చోటు లేదు. అయస్కాంత క్రమం పెట్టకుండా లెక్కిస్తే నికెల్ ఆక్సైడ్ లోహమని వస్తుంది. ఇది కొత్త బాధేం కాదు, 1937లోనే డి బోర్, వెర్వే ఈ ఆక్సైడ్లు బ్యాండ్ సిద్ధాంతానికి లొంగడం లేదని ఎత్తిచూపారు. మోట్ అనే భౌతికశాస్త్రవేత్త పేరు మీద తర్వాత వచ్చిన శాస్త్రమంతా ఆ చిక్కులోంచే పుట్టింది. మీ పొడి డబ్బా తెరిచి చూడండి, శుద్ధమైనదైతే లేత ఆకుపచ్చగా ఉంటుంది. లోహానికి ఆ రంగెక్కడిది? నల్లగా ఉంటే ఆక్సిజన్ ఎక్కువై నికెల్ ఖాళీలు ఉన్నాయని అర్థం, అది కూడా రాసుకోండి. యాంటీఫెర్రోమాగ్నెటిక్ క్రమం (సగం నికెల్‌ల అయస్కాంతత్వం ఒకవైపు, సగం ఎదురువైపు) పెడితే జీజీఏలో (డీఎఫ్‌టీలో ఒక రకం) చిన్న గ్యాప్ తెరుచుకుంటుంది, యూ (డీ ఎలక్ట్రాన్ల తోపుడుకి విడిగా చేర్చే విలువ) కలిపితే అది పెద్దదవుతుంది. ఆ పటం పైభాగం మీ స్పెక్ట్రానికి కాస్త దగ్గరగా వస్తుంది కూడా. కానీ శాటిలైట్ కావాలంటే ఆ తోపుడుని ఇంకా బాగా లెక్కలోకి తీసుకునే క్లస్టర్ లెక్కకి గానీ డీఎంఎఫ్‌టీకి గానీ వెళ్ళాలి. యూ విలువని స్పెక్ట్రంతో కలిసేదాకా తిప్పుతూ కూర్చోవడం మాత్రం నాకు నచ్చని పని. కలిసేది బొమ్మ, భౌతికశాస్త్రం కలవదు.

గ్యాప్ కూడా ఫొటోఎమిషన్ ఒక్కదానితో రాదు. నిండిన వైపు మాత్రమే కనబడుతుంది. ఖాళీ వైపు చూడాలంటే ఎలక్ట్రాన్‌ని లోపలికి పంపి, వెలువడే ఫోటాన్‌ని కొలవాలి. ఈ రెండూ కలిపి సవాట్స్కీ, ఆలెన్ 1984లో చెప్పిన గ్యాప్ 4.3 ఈవీ.

ఇంకో మోసం ఉంది. మెట్లు సరిగ్గా ఉన్నా ఎత్తులు కలవవు, ఎందుకంటే ఒక్కో ఆర్బిటాల్‌ని ఒక్కో ఫోటాన్ ఒక్కో తీవ్రతతో చూస్తుంది. 21.2 ఈవీతో ఆక్సిజన్ 2పీ బాగా పలుకుతుంది. మీ 1486.6తో చూస్తే నికెల్ 3డీ గొంతే వినబడుతుంది, ఆక్సిజన్ దాదాపు మూగ. యే, లిండావ్ 1985లో వేసిన క్రాస్ సెక్షన్ (ఈ తీవ్రతల) పట్టికలు అందరూ వాడతారు. మీ పార్షియల్ డెన్సిటీలని (ఒక్కో ఆర్బిటాల్ వాటాలని) వాటితో గుణించాకే పోల్చండి. ఇది చెయ్యకుండా మొత్తం డెన్సిటీ ఆఫ్ స్టేట్స్‌ని స్పెక్ట్రం పక్కన అంటించిన బొమ్మ చూస్తే నేను రిపోర్టులో మొదటి ప్రశ్న అదే అడుగుతాను.

చివరికి ఆర్పీస్. పొడి మీద కుదరదు, అక్కడితో మీ ప్రశ్నకి జవాబు అయిపోయింది. అయినా అది ఏం చేస్తుందో ఒక లెక్కతో చూపిస్తాను, మనసులో ఉంటే మంచిది. ఎలక్ట్రాన్ ఉపరితలం దాటేటప్పుడు తలానికి సమాంతరంగా ఉన్న మొమెంటం నిలిచి ఉంటుంది. గతిజ శక్తిని ఈవీలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 0.512తోనూ కోణం సైన్‌తోనూ గుణిస్తే అది ఒకటి బై ఆంగ్‌స్ట్రాముల్లో వస్తుంది. రాగి 111 తలం తీసుకోండి. ఫోటాన్ 21.2, పని ప్రమేయం 4.9, ఫెర్మి లెవెల్ నుంచి వచ్చే ఎలక్ట్రాన్‌కి 16.3 ఈవీ. వర్గమూలం 4.04, గుణిస్తే 2.07. ఆ తలం మీద ఉండే ఉపరితల స్థితి ఫెర్మి లెవెల్‌ని దాటేది సుమారు 0.21 దగ్గర, అంటే నిలువు నుంచి ఆరు డిగ్రీల లోపే. అడుగు దాదాపు 0.4 ఈవీ లోతున. కాబట్టి అటు ఆరు, ఇటు ఆరు డిగ్రీల మధ్య స్క్రీన్ మీద ఒక చిన్న గిన్నె లాంటి పారబోలా కనబడుతుంది. పుస్తకంలో గీసిన స్వేచ్ఛా ఎలక్ట్రాన్ బ్యాండు కళ్ళముందు వెలుగుతుంటే ఎన్నిసార్లు చూసినా నాకు సంబరమే. అదే మీ ఎక్స్-రే సోర్సుతో అయితే ఒక్క డిగ్రీకే 0.34 జరిగిపోతుంది. నికెల్ ఆక్సైడ్‌లో గామా నుంచి ఎక్స్ బిందువు దాకా (మొమెంటం పటంలో నడుమ నుంచి అంచు దాకా) ఉన్నది 1.5 మాత్రమే. అనలైజర్ పదేసి డిగ్రీలు ఒకేసారి మింగుతుంది, అంతా కలిసిపోతుంది. పొడి సంగతి సరే, స్ఫటికమైనా మామూలు ఎక్స్‌పీఎస్‌లో బ్యాండు వంపు కనబడకపోవడానికి ఇదొక కారణం.

స్ఫటికం చీల్చడం కూడా చెప్పినంత తేలిక కాదు. సాంపిల్ మీద అగ్గిపుల్ల ముక్కంత సిరామిక్ పుల్లని ఎపాక్సీతో నిలబెడతాం, శూన్యంలో దాన్ని వాబుల్ స్టిక్‌తో (బయటి నుంచి కదిపే కడ్డీతో) పక్కకి తడతాం. పై పొర పుల్లతో పాటు ఎగిరిపోతే అద్దంలా మెరిసే ముఖం బయటపడుతుంది. ఎపాక్సీ సరిగ్గా ఉడకకపోతే పుల్ల ఒక్కటే ఊడుతుంది. కింద ఎపాక్సీ బలహీనమైతే స్ఫటికం మొత్తం ఊడి ఛాంబర్ అడుగున పడుతుంది. నెలలు పెట్టి పెంచిన స్ఫటికం టింగుమని పడిన శబ్దం నాకు ఇంకా గుర్తే. బిస్మత్ కుప్రేట్లు (రాగి ఆక్సైడ్ సూపర్‌కండక్టర్లు), బిస్మత్ సెలినైడ్ ఈ రంగంలో అంత పేరు తెచ్చుకోడానికి సగం కారణం అవి పొరలు పొరలుగా, టేపు అంటించి లాగినా ఊడొచ్చే రకం కావడమే. 1993లో కుప్రేట్ గ్యాప్ దిశని బట్టి మారుతుందని చూసినా, 2009లో సెలినైడ్ ఉపరితలం మీద డిరాక్ కోన్ (శంకువు ఆకారపు బ్యాండు) చూసినా, ముందు సాంపిల్ చక్కగా చీలింది.

మీ పనికి అంతకన్నా ఉపయోగపడేది గట్టి ఎక్స్-రేలతో చేసే హాక్స్‌పెస్. 5, 6 కిలో ఈవీ ఫోటాన్లతో 50 ఆంగ్‌స్ట్రాములకి మించిన లోతు నుంచి ఎలక్ట్రాన్లు వస్తాయి, పై మురికి గొడవ చాలా తగ్గుతుంది. ఇందోర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్ మీద ఆ బీమ్‌లైన్ (కాంతిని సాంపిల్ దాకా తెచ్చే కొలత కేంద్రం) ఉంది, ప్రపోజల్ పెట్టుకోవచ్చు. ఇండస్-1 మీద తక్కువ శక్తుల ఫొటోఎమిషన్ బీమ్‌లైన్ కూడా ఉంది. ఒకే సాంపిల్‌ని రెండింటి మీదా కొలిస్తే ఆక్సిజన్, నికెల్ వాటాలు విడిపోతాయి.

ఈలోగా స్పట్టర్ చెయ్యని కొత్త పొడిని ఇండియంలో అదిమి, ఫ్లడ్ గన్‌ని రెండు మూడు విలువల దగ్గర పెట్టి ఆక్సిజన్ 1ఎస్, నికెల్ 2పీ, వేలెన్స్ బ్యాండు మూడూ ఒకే సిట్టింగ్‌లో తియ్యండి. ఆక్సిజన్ 1ఎస్‌ని మీరు ప్రశ్నలో పెట్టలేదు. అది చూస్తేగానీ ఆ భుజంలో హైడ్రాక్సైడ్ ఎంతో చెప్పలేను.